జక్రయ్య ఖాళీ కడుపు

జక్రయ్య పొద్దున టిఫిను తినడు. మధ్యాహ్నం అన్నం తినడు. కోల్డ్ స్టోరేజీలో కాటా దగ్గర ఆయన డ్యూటీ ఎనిమిదింటికి మొదలై ఆరింటికి అయిపోతుంది. ఆ పది గంటల్లో ఆయన కడుపులోకి పోయేది మంచినీళ్ళు, పాలు లేని టీ, అంతే. ఇంటికొచ్చి, స్నానం చేసి, పెరట్లో మరుగుదొడ్డి ఖాళీగా ఉందని చూసుకున్నాక గానీ కంచం ముందు కూర్చోడు. మూడేళ్ళుగా ఇదే వరస.

ఊళ్ళో దీన్ని భక్తి అంటారు. అది భక్తి కాదు, విరేచనాలు.

ఊరు రావిగుంటపాలెం. వినుకొండ నుంచి ఒంగోలు పోయే దారిలో ఎడమపక్కకి తిరిగితే వస్తుంది. సగం నేల పత్తి, సగం మిరప. జక్రయ్యకి యాభై మూడేళ్ళు. రైతులు తెచ్చిన మిరపకాయల టిక్కీలను, అంటే నలభై కిలోల గోతాల్ని, తూచి నంబరు రాసి లోపలికి పంపించడం ఆయన పని. ఒక్క కిలో తేడా రాదని పేరు. ఊరి చివర చిన్న చర్చిలో సంఘపెద్ద కూడా. పాస్టరు జయపాల్‌గారికి నాలుగు ఊళ్ళు చూసుకోవాల్సి ఉండటంతో, ఇక్కడ శుక్రవారం మధ్యాహ్నం జరిగే ఉపవాస ప్రార్థన జక్రయ్యే డ్యూటీ మధ్యలో వచ్చి నడిపిస్తాడు.

మూడేళ్ళ కిందట ఆయనకి కుడిపక్క డొక్కలో నొప్పి మొదలైంది. పకోడీలు తిన్న రోజు వచ్చేది, గంజి తాగిన రోజు వచ్చేది కాదు. అందరూ గ్యాస్ అన్నారు. మనవైపు గుండెపోటు కూడా ముందు గ్యాస్‌గానే మొదలవుతుంది కాబట్టి అందులో వింత లేదు. చివరికి ఒంగోలులో స్కానింగు తీస్తే పిత్తాశయం నిండా రాళ్ళు. మూడు చిన్న కోతలు పెట్టి ఆ సంచి తీసేశారు. పద్నాలుగు రాళ్ళను సీసాలో వేసి చేతికిచ్చారు. ఆ రాళ్ళు చూడటానికి ఊరంతా వచ్చింది. అసలు ఆ సంచి ఒంట్లో ఏం పని చేసేదో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

పదిహేను రోజులకి డ్యూటీలో చేరాడు. మొదటిరోజు మధ్యాహ్నం క్యారేజీ విప్పి పప్పన్నం తిన్నాడు. చెయ్యి కడుక్కుంటుండగానే కడుపులో కుళాయి తిప్పినట్టయింది. గోడౌను వెనక్కి పరిగెత్తాడు. మర్నాడూ అంతే. మూడోరోజు హమాలీల మేస్త్రీ అన్వర్ కాటా మీద చెయ్యి వేసుకుని నిలబడి నవ్వాడు.

"ఏంది జక్రన్నా, రైతు ఎండలో నిలబడి ఉంటే నువ్వు అస్తమానం వెనక్కి పోతావ్? అక్కడేమన్నా లంకెబిందెలు దొరికాయా?"

"కడుపు బాలేదురా."

"మూడు రోజులుగానా? వదినమ్మ ఏం పెడతాందో కనుక్కో."

వదినమ్మ ఏం పెట్టినా ఒకటే. ఇడ్లీ అయినా, అన్నం అయినా, రెండు బిస్కెట్లు అయినా లోపలికి ఏదో ఒకటి పోతే చాలు. నూనె తగిలితే ఇక చెప్పనే అక్కర్లేదు. నెల తిరిగేసరికి జక్రయ్య తన లెక్క తాను తేల్చుకున్నాడు. తినకపోతే పరిగెత్తక్కర్లేదు.

అంతవరకూ ఉండి ఉంటే ఇది ఒక మనిషి కడుపు సంగతిగానే మిగిలేది. అయితే ఆ వేసవిలో ఒక పెళ్ళి జరిగింది. బంతిలో పెద్దవాళ్ళ మధ్య కూర్చోబెట్టి విస్తరి వేశారు. మాంసం కూర, బిర్యానీ. జక్రయ్య చెయ్యి కదపలేదు. చర్చి పక్కనున్న తన ఇల్లు కిలోమీటరు దూరం, పెళ్ళివారి ఇంట్లో మరుగుదొడ్డి ఒకటే, దాని ముందు పెళ్ళికూతురి తరఫు ఆడవాళ్ళు కుర్చీలు వేసుకుని కూర్చున్నారు. "ఏం జక్రయ్యా, తినవేం?" అని పక్కాయన అడిగాడు. నూటయాభై మంది వింటుండగా ఒక సంఘపెద్ద ఏం చెప్పాలి?

"ఉపవాసం," అన్నాడు.

మన దగ్గర మగవాడు తాగుడు గురించి గొప్పగా చెప్పుకుంటాడు, షుగరు గురించి డాక్టరులా మాట్లాడతాడు, మోకాళ్ళ నొప్పుల గురించి గంటసేపు చెబుతాడు. విరేచనాల గురించి మాత్రం నోరు విప్పడు. అదే తిండి మానేశానంటే చాలు, నమస్కారం పెడతారు. శనివారం ఒంటిపూట ఉన్నవాడికి, రంజాన్ నెలంతా రోజా ఉన్నవాడికి, శుక్రవారం ఉపవాసం ఉన్నవాడికి మర్యాద ఒకేలా జరుగుతుంది. ఈ ఒక్క విషయంలో మూడు మతాలవాళ్ళకీ ఏ పేచీ లేదు. జక్రయ్య ఆ మాట అన్న క్షణం నుంచి ఆ బంతిలో అందరూ గొంతు తగ్గించి మాట్లాడారు. తర్వాత ఎక్కడికి పిలిచినా ఆయన తినడని చూశారు. ఏడాదిలో పక్క ఊళ్ళ నుంచి జనం రావడం మొదలైంది. జ్వరం వచ్చిన పిల్లల్ని తెచ్చేవాళ్ళు, ఎండిపోయిన బోరు కోసం ప్రార్థన అడిగేవాళ్ళు. జక్రయ్యకి మొదట సిగ్గు, తర్వాత భయం, ఆ తర్వాత అలవాటు.

ఆయన జబ్బుకి పేరు పెట్టింది వినుకొండ ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ శ్రీరమ్య. షుగరు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు, బరువెందుకు తగ్గారని ఆమె గుచ్చి గుచ్చి అడిగింది.

"తిన్న ఎంతసేపటికి?"

"చెయ్యి ఆరేలోపలే అమ్మా."

"ఆపరేషన్ ముందు ఉండేదా?"

"లేదు."

"మరి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదా జక్రయ్యగారూ?"

"ఎవరికి చెప్పుకోను తల్లీ, సిగ్గు కాదూ?"

ఆమె ఓపీ చీటీ వెనక బొమ్మ గీసింది. కాలేయం పైత్యరసం తయారు చేస్తుంది. అందులో ఉండే ఆమ్లాలు సబ్బులాంటివి. గిన్నె జిడ్డు వట్టి నీళ్ళకి వదలనట్టే, మనం తిన్న నూనె, నెయ్యి ఈ ఆమ్లాలు లేకుండా కరగవు, ఒంటికి పట్టవు. పని అయిపోయాక శరీరం వాటిని పారబొయ్యదు. చిన్నపేగు చివరికి వచ్చేసరికి నూటికి తొంభై అయిదు పాళ్ళు వెనక్కి పీల్చుకుని మళ్ళీ కాలేయానికి చేరవేస్తుంది. అదే సరుకు రోజుకి ఎన్నోసార్లు తిరుగుతుంది. తిరిగేటప్పుడు కబుర్లు కూడా మోస్తుందట. షుగరు ఎంత తయారుచెయ్యాలి, కొవ్వు ఎంత కరిగించాలి అని కాలేయానికి చెప్పేవాటిలో ఈ ఆమ్లాలు కూడా ఉన్నాయట.

"మరి ఆ సంచి?"

"మీరు పనిచేసే చోటు లాంటిదే. పంట వచ్చినప్పుడు దాచి, బేరం వచ్చినప్పుడు బయటికి తీస్తారు కదా? మీరు తిన్నప్పుడు ఆ సంచి పిండుకుని రసాన్ని వదులుతుంది. ఇప్పుడు సంచి లేదు. రసం ఎప్పుడూ కారుతూనే ఉంటుంది. చాలామందికి ఒళ్ళు సర్దుకుంటుంది. మీలాంటి కొందరికి సర్దుకోదు. పీల్చుకోగా మిగిలింది పెద్దపేగులోకి పోయి అక్కడ నీళ్ళు లాగుతుంది. అందుకే ఈ పరుగు."

నీళ్ళలో కలుపుకుని తాగే పొడి ఒకటి రాసిచ్చింది. ఆ పొడి పేగులో ఆమ్లాల్ని పట్టి కట్టేస్తుంది. మందుల షాపువాడు గుంటూరు నుంచి తెప్పించాడు. నలభై రోజులు జక్రయ్య మనిషిలా మధ్యాహ్నం అన్నం తిన్నాడు. తర్వాత పొడి రాలేదు. "ఎవరూ వాడని మందు, కంపెనీ పంపట్లేదు," అన్నాడు షాపువాడు. కాపుసారా దొరికినంత తేలిగ్గా ఈ పొడి దొరికితే నేనిది రాసేవాణ్ణి కాదు.

పొడి పోయినా చదువు మిగిలింది. పైత్యరసం అంటే ఏమిటో, ఎక్కడ పుట్టి ఎక్కడికి పోతుందో రావిగుంటపాలెంలో తెలిసిన మనిషి జక్రయ్య ఒక్కడే. ఆ చదువుతో ఆయన చెయ్యగలిగింది ఎంతో, కిందటి ఫిబ్రవరిలో తేలింది.

ఆదెమ్మ జక్రయ్య చెల్లెలు. నలభై ఆరేళ్ళు. భర్త పోయి ఆరేళ్ళయింది. ఒక్కతే కూతురు జాస్మిన్, వినుకొండలో బట్టల షాపులో పనిచేస్తుంది. ఆదెమ్మ కొండమ్మ ముఠాలో మిరపకాయలకి తొడిమలు తీసే పనికి పోతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రోజంతా ఎర్రటి గుట్టల ముందు కూర్చుని కాయ పట్టుకోవడం, తొడిమ గిల్లడం, గంపలో వెయ్యడం. ఆ ఆడవాళ్ళ చేతులు నాలుగు నెలలూ మండుతూనే ఉంటాయి. సాయంత్రం మజ్జిగలో ముంచుకుంటారు, కొబ్బరినూనె రాసుకుంటారు, కళ్ళు నలుపుకోరు. చంటిపిల్లని ఎత్తుకోవాలంటే చెయ్యి అంటకుండా మోచేతులతో ఎత్తుకుంటారు.

కాబట్టి ఆదెమ్మకి చేతులు దురద మొదలైనప్పుడు ఎవరూ దాన్ని జబ్బనుకోలేదు. "ఈ ఏడు కాయ ఘాటెక్కువ," అంది కొండమ్మ. మూడు వారాలు నూనె రాశారు.

ఒక ఆదివారం చర్చి మెట్ల మీద, ఎండలో, జక్రయ్య చెల్లెలి కళ్ళు చూశాడు.

"కళ్ళేంటే అలా ఉన్నాయ్?"

"మిరప దుమ్ము అన్నా."

"మిరప దుమ్ముకి ఎర్రబడతాయి. ఇవి పసుపు రాసినట్టున్నాయి. చేతులు మంటా, దురదా?"

ఆదెమ్మ ఆలోచించింది. "దురదే. గోక్కుంటే రక్తం వస్తాంది. అరికాళ్ళు కూడా." అని తనే నవ్వింది. "నేను కాళ్ళతో తొడిమలు తియ్యను కదా, మరదేంటో."

"దొడ్డికి వెళ్తే ఏ రంగులో పోతాంది?"

"ఛీ! అన్నవా, కాంపౌండరువా? చెల్లెల్ని అడిగే మాటేనా అది?"

"చెప్పవే."

అటు తిరిగి చెప్పింది. "సున్నం లాగా."

జక్రయ్యకి ఓపీ చీటీ వెనక బొమ్మ కళ్ళముందు నిలబడింది. ఆమెకీ రాళ్ళే. ఒకటి జారి గొట్టంలో అడ్డుపడింది. పేగులోకి పోవాల్సిన రసం వెనక్కి తన్ని రక్తంలోకి పోతోంది. కళ్ళకి పసుపు అదే, చర్మం కింద దురద అదే. పేగులోకి రంగు చేరట్లేదు కాబట్టి సున్నం. తనకి ఎక్కువై పొంగిన వస్తువుకే చెల్లెలి ఒంట్లో దారి మూసుకుపోయింది.

"రేపు గుంటూరు పోదాం," అన్నాడు.

"పసరు మందు మొదలుపెట్టాను అన్నా. కొండమ్మ తీసుకెళ్ళింది. ఇరవై ఒక్క రోజులు పత్యం. ఇవాళ్టికి నాలుగోరోజు. నొప్పి పోయింది తెలుసా? నెలరోజులుగా ఉన్న నొప్పి, మూడోరోజుకే పోయింది!"

నొప్పి ఎందుకు పోయిందో జక్రయ్యకి తెలుసు. పత్యం అంటే నూనె లేదు, నెయ్యి లేదు, మాంసం లేదు. కొవ్వు లోపలికి పోకపోతే సంచి పిండుకోదు. పిండుకోకపోతే నొప్పి రాదు. నొప్పి తగ్గించింది ఉప్పులేని చారన్నం, పేరు కొట్టేసింది పసరు. రాయి అక్కడే ఉంది. ఈ మాటలన్నీ చెల్లెలికి విడమరిచి చెప్పాడు. ఆమె శ్రద్ధగా విన్నది కూడా. విని, అన్న చెయ్యి పట్టుకుంది.

"అవన్నీ నాకేం తెలుసన్నా. నువ్వు నా కోసం ఉపవాసం ఉంటే చాలు. ఎవరెవరికో ఉంటావు."

అప్పుడు చెప్పేశాడు. తనది ఉపవాసం కాదని, తింటే కడుపు ఆగదని, పెళ్ళిలో సిగ్గుపడి అబద్ధమాడానని, మూడేళ్ళుగా దాన్ని మోస్తున్నానని. ఆదెమ్మ నోటికి కొంగు అడ్డంపెట్టుకుని నవ్వింది. చిన్నప్పుడు ఆయన సైకిలు మీద నుంచి పడ్డప్పుడు కూడా ఇలాగే నవ్వేది.

"నన్ను ఆసుపత్రికి పంపడానికి ఎన్ని కథలు చెబుతావన్నా!"

ఆయన జయపాల్‌గారికి ఫోన్ చేశాడు. పాస్టరు మంచివాడు, చదువుకున్నవాడు. మర్నాడే వచ్చి, ప్రార్థనకీ ఆసుపత్రికీ శత్రుత్వం లేదని, వెంటనే వెళ్ళమని గట్టిగానే చెప్పాడు. "వెళ్తాను అయ్యగారూ, ఈ పత్యం ఒక్కటి పూర్తవనివ్వండి, మధ్యలో ఆపితే వికటిస్తదంట," అంది ఆదెమ్మ. అందరూ తలలూపారు. అన్వర్ తన ఆటో తెస్తానన్నాడు, తెచ్చాడు కూడా. ఆటో వచ్చేసరికి ఆదెమ్మ కల్లంలో మిరపకాయల మీద కప్పే పట్టాల వెనక దాక్కుంది. నలభై ఆరేళ్ళ మనిషిని రెక్కపట్టి లాక్కుపోవచ్చు కదా అని మనం అనొచ్చు. జక్రయ్య లాగాడు. ముఠాలో పద్దెనిమిది మంది ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు.

ఇక మిగిలింది శుక్రవారం. అందరి ముందూ నిరూపించాలనుకున్నాడు.

ఆ రోజు చర్చిలో చాపల మీద పాతికమంది ఉన్నారు. ఆదెమ్మ గోడకి ఆనుకుని కూర్చుంది. జక్రయ్య పుస్తకం తెరవకుండానే లేచి నిలబడ్డాడు.

"నాది ఉపవాసం కాదు. నాకు పిత్తాశయం తీసేశారు. తిన్న పావుగంటకి విరేచనాలు అవుతాయి. అందుకే తినను. మీరు నన్ను చూసి మోసపోయారు. ఆదెమ్మకి గొట్టంలో రాయి అడ్డుపడింది. ప్రార్థనతో అది కదలదు, డాక్టరు తియ్యాలి. నా ముఖం చూసి ఆమె ఆగిపోవద్దు."

కొండమ్మ పక్కామెతో అన్నది అందరికీ వినబడింది.

"చూశావా, ఎంత తగ్గించుకుంటున్నాడో! వేరేవాడైతే చాటింపు వేసుకునేవాడు."

జక్రయ్యకి ఒళ్ళు మండింది. భార్యని కేకేసి కంచం తెప్పించాడు. వేడన్నం, పప్పు, రెండు గరిటెల నెయ్యి, ఆవకాయ. శుక్రవారం మధ్యాహ్నం, ఉపవాస ప్రార్థన మధ్యలో, చాప మీద కూర్చుని కలుపుకుని తినడం మొదలుపెట్టాడు. ఆడవాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఒకామె ఏడ్చింది. కంచం ఖాళీ చేసి, చెయ్యి కడుక్కోకుండా అలాగే కూర్చున్నాడు. "చూస్తూ ఉండండి," అన్నాడు.

పావుగంట కాలేదు. ముఖం తెల్లబడింది, చెమట పట్టింది, లేచి పరిగెత్తాడు. ఆయన ఇల్లు చర్చి పక్కనే. మరుగుదొడ్డి రేకు తలుపు పడిన చప్పుడు చర్చి కిటికీలోంచి స్పష్టంగా వినబడింది. లోకంలో ఏ సాక్ష్యమూ ఇంతకంటే నిజాయితీగా ఉండదు. పది నిమిషాల తర్వాత గోడ పట్టుకుని తిరిగొచ్చేసరికి పాతికమందీ మోకాళ్ళ మీద ఉన్నారు.

కొండమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఆదెమ్మ రోగం తన ఒంట్లోకి లాక్కున్నాడమ్మా. కళ్ళారా చూశాం."

"అన్నా," అంది ఆదెమ్మ మెల్లగా, "నిజంగానే తేలిగ్గా ఉంది నాకు."

తేలిగ్గా ఉండే ఉంటుంది. అలాంటి రాయి గొట్టంలో ఒక్కోసారి పైకి తేలుతుంది, కాస్త రసం జారుతుంది, రెండు రోజులు కళ్ళు తేటపడతాయి, మళ్ళీ దిగి అడ్డం పడుతుంది. జక్రయ్య ఇంకేం చెప్పగలడు? నిజం చెప్పాడు, అది వినయమైంది. తిని చూపించాడు, అది మహిమైంది. ఆ మధ్యాహ్నం నుంచి ఆయన వాదించడం మానేశాడు. పొద్దున్నే చెల్లెలి గుమ్మం ముందు నిలబడి కళ్ళు చూసి, కాటాకి పోయేవాడు. అమ్మని ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్దామని రోజూ జాస్మిన్‌ని అడిగేవాడు. "మామయ్యా, పత్యం అయిపోగానే నేనే తీసుకెళ్తా, ఇంకో వారమే కదా," అనేది ఆ పిల్ల. పత్యం ఆపితే ప్రాణం మీదికొస్తుందని ఎవరో ఆమెని కూడా భయపెట్టారు.

పదహారోరోజు పళ్ళు తోముకుంటుంటే ఆదెమ్మ చిగుళ్ళ నుంచి రక్తం వచ్చి ఆగలేదు. పైత్యరసం పేగులోకి రాకపోతే కొవ్వుతో పాటు ఒంటికి పట్టే విటమిన్లు కూడా పట్టవు. వాటిలో ఒకటి రక్తం గడ్డకట్టడానికి కావాలి. ఆ సంగతి జక్రయ్యకి తెలియదు, డాక్టరమ్మ బొమ్మలో అది లేదు. తెలిసినా ఏం చేసేవాడో నాకు తెలియదు.

పందొమ్మిదోరోజు మార్చి ఎండలో, కల్లంలో, మిరపకాయల గుట్ట పక్కన ఆదెమ్మకి వణుకు పుట్టింది. గోనెసంచులు నాలుగు కప్పినా ఆగలేదు. కొండమ్మే కోల్డ్ స్టోరేజీకి పరిగెత్తుకుంటూ వచ్చింది. జక్రయ్య కాటా మీద గోతాం అలాగే వదిలేసి వచ్చాడు. ఈసారి ఎవరూ అడ్డం నిలబడలేదు. వినుకొండలో శ్రీరమ్య చూసిన రెండు నిమిషాల్లో ఇంజెక్షన్లు ఇప్పించి అంబులెన్సు ఎక్కించింది. ఎక్కిస్తూ ఒక్కమాటే అంది. "మీకు తెలుసు కదా జక్రయ్యగారూ."

"తెలుసమ్మా," అన్నాడు.

గుంటూరులో డాక్టర్లు త్వరత్వరగా పనిచేశారు. గొట్టంలో చీము పట్టింది, రక్తంలోకి పాకింది. నోట్లోంచి గొట్టం పంపి రాయి తియ్యాలి, కానీ రక్తం గడ్డకట్టట్లేదు, ఇలా ముట్టుకుంటే ఆగదు. విటమిన్ ఇంజెక్షన్ పని చెయ్యడానికి కొన్ని గంటలు పడుతుంది. ఉన్న ప్లాస్మా ఎక్కిస్తున్నారు. రక్తం కూడా సిద్ధంగా ఉండాలి, మనుషుల్ని పంపించండి అన్నారు.

మనుషులకేం, ఉన్నారు. కొండమ్మతో కలిపి ముఠాలో ఏడుగురు ఆడవాళ్ళు పొద్దున్నే అన్వర్ ఆటోలో దిగారు. "నాది తియ్యండి" అంటే "నాది తియ్యండి" అని చేతులు చాపారు. బ్లడ్ బ్యాంకులో ఉన్నతను ఒక్కొక్కరి వేలు పొడిచి చూశాడు. ఎనిమిది. తొమ్మిది. ఏడున్నర. హిమోగ్లోబిన్ పన్నెండున్నర ఉండాలట. ఏడుగురిలో ఒక్కరికీ లేదు. కొండమ్మ తన వేలి మీది చుక్కని నమ్మలేనట్టు చూసుకుంది. "ఇంత ఎర్రగా ఉంది కదయ్యా?" అంది. అన్వర్‌కి కిందటి నెలే కామెర్లు వచ్చి తగ్గాయి, అతను పనికిరాడు. జాస్మిన్ బరువు చాలలేదు.

జక్రయ్యకి పదమూడు పైన వచ్చింది.

"ఏం తిన్నారు పొద్దున?"

"ఏం తినలేదు. నిన్న పొద్దుటి నుంచీ."

"ఖాళీ కడుపుతో ఇస్తే పడిపోతారు పెద్దాయనా. కిందకెళ్ళి ఏదన్నా తినిరండి."

జక్రయ్య క్యాంటీను వైపు నడిచాడు. కొండమ్మ వెంటపడింది.

"ఇప్పుడా అన్నా తినేది? ఇన్నాళ్ళు ఉండి, ఆ పిల్ల ప్రాణం అక్కడ ఉంటే, ఇప్పుడా నువ్వు ఉపవాసం విరిచేది? నీ కాళ్ళు పట్టుకుంటా."

నిజంగానే వంగింది. జక్రయ్య ఆమెని లేపి బెంచీ మీద కూర్చోబెట్టాడు, కోపం కూడా రాలేదు. మూడు ఇడ్లీ తీసుకున్నాడు. చట్నీ ముట్టుకోలేదు. మెల్లగా, చిన్న చిన్న ముక్కలుగా, మాత్రలు మింగినట్టు మింగాడు. పైకొచ్చి పేరు రాయించుకుని కూర్చున్నాడు. ముందు ఇద్దరున్నారు.

మొదటివాడిది అవుతుండగానే కడుపు కదిలింది. బిగబట్టాడు. రెండోవాడు పడుకున్నాడు. బిగబట్టాడు. తర్వాత కుదరలేదు. వరండా చివర మరుగుదొడ్డి ముందు ముగ్గురు నిలబడి ఉన్నారు. ఆయన్ని చూసి పక్కకి తప్పుకున్నారు. లోపల ఉండగానే బయట కేక వినబడింది. "జక్రయ్య! ఆదెమ్మ తాలూకు జక్రయ్య ఎవరండీ?" గొంతెత్తి "ఉన్నా!" అని అరిచాడు. వినబడిందో లేదో.

తిరిగొచ్చేసరికి మంచం మీద వేరేవాళ్ళెవరో ఉన్నారు. ఆ తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి బీపీ చూశారు. బాగా పడిపోయింది.

"ఏంటి పెద్దాయనా, ఇంత చెమటలు? భయమా?"

"భయం కాదు బాబూ. తీసుకో."

"ఇలా తీస్తే మీరు పోతారు. నీళ్ళు తాగండి. అరగంట ఆగి చూద్దాం."

అరగంట. జక్రయ్య సీసాడు నీళ్ళు తాగాడు. చొక్కా చెయ్యి మోచేతి పైకి మడిచి, ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని గోడ గడియారం కింద కూర్చున్నాడు. తన ఒంట్లో పనికొచ్చే వస్తువు అది ఒక్కటే అన్నట్టు దాన్నే చూస్తూ ఉన్నాడు. ఎదురు బెంచీ మీద కొండమ్మ, ఆరుగురు ఆడవాళ్ళు వేళ్ళకి దూది అద్దుకుని ఉన్నారు. ఎవరూ ఆయన వైపు చూడలేదు. ఇడ్లీ తిన్న మనిషి వైపు ఎలా చూడాలో వాళ్ళకి తోచినట్టు లేదు.

ఫోను మోగింది. జాస్మిన్.

"మామయ్యా."

"ఇంకో పది నిమిషాలమ్మా. బీపీ చూడగానే ఇచ్చేస్తా. నువ్వు అమ్మ దగ్గరే ఉండు."

ఆ పిల్ల అంది.

"అమ్మకి పెట్టినవన్నీ తీసేశారు. రక్తం ఇక వద్దంటున్నారు మామయ్యా."

బ్లడ్ బ్యాంకు అతను పట్టీ తెచ్చి చేతికి చుట్టి గాలి కొట్టాడు. బీపీ ముల్లు కిందికి దిగేదాకా చూసి తలూపాడు.

"ఇప్పుడు బాగుంది. రండి, పడుకోండి."

జక్రయ్య పట్టీ తనే విప్పి అతని చేతికిచ్చాడు. మడిచిన చొక్కా చెయ్యి మణికట్టు దాకా కిందికి లాక్కుని, గుండీ పెట్టుకున్నాడు.